నూనె రాయని కొయ్య

ఆయన చనిపోయాడన్న కబురు కూడా నాకు నేరుగా రాలేదు. చర్చి పెద్ద ఒకాయన మా వాకిట్లో సైకిలు ఆపాడు. నీళ్ళు చల్లుతున్న నన్ను చూశాడు, చూసి, "అబ్బయ్య లేడామ్మా?" అని అడిగాడు. మా ఆయన సగం గెడ్డం గీసుకుని బయటికి వచ్చేదాకా ఆగి, ఆయనకు చెప్పాడు.

"రొయ్యల సారు పోయినాడబ్బయ్యా, తెల్లారి. మధ్యాన్నం తీస్తారంట."

మా ఆయన నా వైపు తిరిగి, "రొయ్యల సారు పోయినాడంట" అన్నాడు, నేనేదో పక్క ఊళ్ళో ఉన్నట్టు. ఆ సారుతో నాకున్న పరిచయం మొదటినుంచీ ఈ పద్ధతిలోనే నడిచింది. చివరి కబురు ఒక్కటీ వేరే దారిన వస్తుందని ఎందుకనుకోవాలి?

ఊళ్ళో అందరూ రొయ్యల సారు అనేవాళ్ళు. సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలో ఏళ్ళ తరబడి పనిచేసి, రొయ్యలకు తెగులు వచ్చి హేచరీలు మూతబడినప్పుడు ఆత్మకూరు తిరిగొచ్చాడు. మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవాడు. మనిషి సన్నం. చొక్కా పైగుండీ ఎండాకాలమైనా విప్పడు. ఉప్పునీళ్ళు కనబడితే చూపుడువేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ముప్పైరెండు" అనేవాడు. లీటరు నీళ్ళలో అన్ని గ్రాముల ఉప్పుందని అర్థం. నేను కాలేజీ ల్యాబు నుంచి హైడ్రోమీటరు తెచ్చి కొలిచి చూసేదాన్ని. ముప్పైరెండే ఉండేది, లేకపోతే ముప్పైమూడు. ఆ విద్య నిజం. చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, అయినా నిజం.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా ల్యాబులో సీ అనిమోన్ అనే సముద్రపు జీవి ఫార్మలిన్ సీసాలో ఉంటుంది, ఉడికిన వెల్లుల్లి పాయలాగా. అది సముద్రంలో పువ్వులా విచ్చుకుని ఊగుతుందని పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేదాన్ని. నేను కూడా చూసింది లేదు. ఒకసారైనా బతికున్నదాన్ని చూడాలనీ చూపాలనీ మా ముందుగదిలో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టాను. సముద్రం మాకు బస్సులో సగం పూట దూరం. మైపాడు నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చేదాన్ని. "ఏందమ్మా, ఆత్మకూరులో ఉప్పు దొరకదా, నీళ్ళు దొరకవా?" అని కండక్టరు బస్సంతా వినబడేటట్టు అడిగేవాడు. ఆ కండక్టరు మొహం నాకింకా గుర్తుంది.

మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. చేపలంటే ఆయనకు పులుసు. అయినా రొయ్యల సారు మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు, ట్యాంకు ముందున్న కుర్చీలో కూర్చుని, వేలు ముంచి నాకి, పక్కనే నిలబడ్డ నన్ను దాటి మా ఆయనను చూసి ఇలా అన్నాడు.

"అబ్బయ్యా, మీ ఇంటామెకు చెప్పు. నీళ్ళు బాగుండాయి, కానీ నిలవవు. నురుగు తీసే గొట్టం పెట్టాల."

మా ఆయన నాతో, "గొట్టం పెట్టాలంట" అన్నాడు.

నేను చెవిటిదాన్ని కాదు. మధ్యలో రెండడుగుల నేల కూడా లేదు.

ఆ గొట్టాన్నే ప్రొటీన్ స్కిమ్మర్ అంటారు. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురుగును గరిటెతో తీసేస్తామే, అదే పని. చేపలు వదిలినదీ తినగా మిగిలినదీ ఉప్పునీళ్ళలో కరిగి జిగురవుతుంది. సన్నటి గాలి బుడగలు ఆ జిగురును పట్టుకుని పైకెక్కి, నురుగై, పైనున్న గిన్నెలోకి పొర్లుతాయి. గిన్నె రోజూ పారబోసుకోవాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు నీళ్ళు మార్చుకుంటారు. మాలాంటి వాళ్ళకు ఆ గొట్టమే సముద్రం.

ఏది కొనాలో చూడ్డానికి ముగ్గురం మద్రాసు పోయాం. షాపులో విదేశీ స్కిమ్మర్ చూపించారు. గాజులా మెరుస్తోంది, జానెడున్నర పొడుగు, పక్కన చిన్న మోటారు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఇక దించలేదు.

"ఇది వద్దు" అన్నాను నేను. "మోటారుకు ఓల్టేజి కావాల. మన ఊళ్ళో ఎండాకాలం ఫ్యానే తిరగదు. పైగా ఇది పొట్టిది. బుడగ నీళ్ళల్లో ఉండేదే ఒక్క క్షణం, అంతలో ఏం మురికి పట్టుకొస్తది?"

షాపతను తల ఊపాడు. రొయ్యల సారు ఆ స్కిమ్మర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అబ్బయ్యా, మీ ఇంటామెకు చెప్పు. ఇది పొట్టిది. బుడగ నీళ్ళల్లో ఎంతసేపు ఉంటే అంత మురికి పట్టుకొస్తాది. మోటారు మన కరెంటుకు నిలబడదు. పొడుగు గొట్టం మనమే చేసుకుందాం."

"విన్నావా?" అన్నాడు మా ఆయన నాతో.

విన్నాను. నా మాట నాకే తిరిగొస్తే ఎందుకు వినబడదు?

గొట్టం బాగా చేశాడు. అది కూడా చెప్పాలి. నాలుగడుగుల పీవీసీ పైపు, పైన నురుగు కనబడేలా అద్దంలాంటి ముక్క, దాని మీద గిన్నె. నీళ్ళు పైనుంచి దిగాలి, బుడగలు కిందినుంచి ఎక్కాలి, రెండూ ఎదురుపడాలి. ఆయన అతికించిన ఏ జాయింటూ ఏనాడూ కారలేదు. అడుగున గాలి పంపు ట్యూబు చివర పెట్టడానికి మద్రాసు నుంచి ఒక చెక్క ముక్క తెచ్చాం. రాతి ముక్క పెడితే బుడగ లావుగా వస్తుంది, లావు బుడగ ఉత్తచేతులతో పైకి పోతుంది. చెక్కలోని సన్న రంధ్రాల గుండా దూరిన గాలే పాలలాగా తెల్లగా లేస్తుంది. కానీ ఆ చెక్క నెలన్నరకే పూడుకుపోయింది. ముక్క కోసం మళ్ళీ మద్రాసు పోవాలి.

అక్కడ నాకు ఉదయగిరి తట్టింది. మా అమ్మవాళ్ళ ఊరు. మా వెనక వీధిలో ఇంటింటా కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళు. చిన్నప్పుడు మేము అక్కడ తెగిపడిన కొయ్య ముక్కలు ఏరుకుని, ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొసన నోరు పెట్టి ఊదేవాళ్ళం. కొన్ని కొయ్యల్లోంచి బుడగలు వచ్చేవి. ఎవరి బుడగలు సన్నమో పందెం. ఆ ఆట ఇరవై ఏళ్ళ తర్వాత నాకు పనికొచ్చింది.

అక్కడ చెంచాలు చెక్కే బూబమ్మ దగ్గర కూర్చుని, మూడు నాలుగు రకాల కొయ్య తీసుకుని, గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, సైకిలు పంపుతో ఒక్కొక్కటీ ఊది చూశాను. బిక్కి కొయ్య పాలు పొంగినట్టు బుడగలు పోసింది.

"ఇట్లాంటివి రెండు చెక్కియ్యి బూబమ్మా. నూనె మాత్రం రాయొద్దు."

"నూనె రాయకుండానా?" ఆమె చేతిలో ఉలి ఆగిపోయింది. "కొబ్బరినూనె రుద్దకుండా మా ఇంట్లోంచి ముక్క బయటికి పోదమ్మా. తల దువ్వకుండా పిల్లను బడికి పంపినట్టుంటది."

"నూనె తగిల్తే నురుగు చస్తది బూబమ్మా. నీ కాళ్ళు మొక్కుతా, రాయొద్దు."

"కాళ్ళు ఎందుకులే, కొయ్య తీసుకుపో" అని నవ్వింది. నున్నగా చెక్కి, చేయి నూనె గిన్నె వైపు పోతుంటే వెనక్కి లాక్కుని, మొహం తిప్పుకుని ఇచ్చింది.

మర్నాడు పొద్దున గిన్నెలో చిక్కటి నల్లటి నీళ్ళు. రొయ్యల సారుకు నురుగు చూసే పద్ధతి ఒకటుంది. పలచగా లేత రంగులో ఉంటే టీ అనేవాడు, చిక్కగా నల్లగా ఉంటే డికాషన్. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే అడిగేవాడు. ఎవరిని? మా ఆయనను. "ఏమబ్బయ్యా, టీనా, డికాషనా?" మా ఆయనకు తెలియదు. లోపలికి చూసి నన్నడిగేవాడు. నేను చెప్పేదాన్ని. మా ఆయన ఆయనకు చెప్పేవాడు. ఆ ఆదివారం "డికాషనంట" అని మా ఆయన చెప్పగానే ఆయన లేచి, గిన్నె విప్పి, నురుగు రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, మా ఆయన భుజం తట్టాడు.

"మనం చేసింది పనిచేస్తాండాదబ్బయ్యా!"

మనం. ఆ మనంలో ఆయన ఉన్నాడు, పేపరు చదువుతున్న మా ఆయన ఉన్నాడు. కొయ్య కోసం సైకిలు పంపు కొట్టి చేతులు బొబ్బలెక్కిన మనిషి వంటింటి గడపలో నిలబడి ఉంది.

తర్వాత ఆ నీళ్ళలోకి అనిమోన్ వచ్చింది, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపల జంట వచ్చింది. అనిమోన్ విచ్చుకున్న రోజు నేను కాలేజీకి ఆలస్యంగా పోయాను. సర్వీసు మొత్తంలో అదొక్కసారే. పిల్లలు బారులు తీరి చూసిపోయారు. చేపల్లో పెద్దది ఆడది, ఆ జాతిలో ఆడదే పెత్తనం చేస్తుంది. ఆ సంగతి రొయ్యల సారు మా ఆయనకు చెప్పి, "మీ ఇంట్లో మాదిరేనబ్బయ్యా" అని పడీ పడీ నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. పెత్తనం చేసే మనిషి ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చింది.

ఆ ఎండాకాలం పన్నెండు రోజులు పేపర్లు దిద్దడానికి నన్ను నెల్లూరికి వేశారు. పోయేముందు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ట్యాంకు అద్దానికి అంటించాను. తిండి ఎంత వేయాలి, కరెంటు పోతే ఏం చేయాలి, గిన్నె ఎప్పుడు కడగాలి. ఐదో వరుసలో: కొయ్య పూడుకుపోతే ఉదయగిరి నుంచి కొత్తది తేవాలి, నూనె రాయనిది. నూనె రాయనిది అన్న మాట కింద రెండు గీతలు గీశాను.

తిరిగొచ్చిన రోజు వీధి తలుపు తీస్తూనే వాసన తగిలింది. నీళ్ళు బియ్యం కడుగులా ఉన్నాయి. అనిమోన్ అడుగున చీమిడిలా కరిగిపోయి ఉంది. పెద్ద చేప పక్కకు ఒరిగి తేలుతోంది. చిన్నది ముందురోజే పోయిందట. గొట్టంలో బుడగలు లావుగా, బోడిగా లేస్తున్నాయి. గిన్నె పొడిగా ఉంది. నేను అంటించిన కాగితం అంటించినచోటే ఉంది.

రొయ్యల సారు కుర్చీలో ఉన్నాడు. నేను చేతిసంచి దించకముందే మా ఆయనతో అన్నాడు.

"అబ్బయ్యా, మీ ఇంటామెకు చెప్పు. ఉదయగిరి కొయ్యను నమ్ముకోబట్టే ఇదంతా. చెంచాల కొయ్య చెంచాలకే. రెండు దినాల నుంచి చూస్తాండా, నురుగు పుట్టలా."

ఇంట్లో అన్నదానితో ఆగలేదు. బస్టాండు హోటల్లో అన్నాడు. ఎరువుల కొట్టు దగ్గర అన్నాడు. కాలేజీ తెరిచేసరికి ప్రిన్సిపాలుకు కూడా తెలుసు. "ఏం మేడం, కొయ్య ముంచేసిందంటగదా?" అని స్టాఫ్ రూములో నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పమంటే ఇప్పటికీ వరసగా చెబుతాను.

గొట్టం విప్పి కొయ్య ముక్క బయటికి తీశాను. వేళ్ళకు జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె. ఆ శనివారం ఉదయగిరి బస్సెక్కాను.

బూబమ్మ ముక్క చూసి నాలుక కరుచుకుంది. "మీ సారు వచ్చినాడమ్మా, సన్నంగా, గుండీ పెట్టుకుని. పాత ముక్క తెచ్చి, ఇట్లాంటివి రెండు కావాలన్నాడు. మేడం నూనె వద్దంటాది గదా, రాయాల్నా వద్దా అని నేనే అడిగినాను."

"ఏమన్నాడు?"

ఆమె చెక్కుతున్న గరిటెను పక్కన పెట్టింది. "ఆమె మాటకేముండాదిలే, నీ పద్ధతి ప్రకారం ఇయ్యి, అన్నాడమ్మా."

నూనె తగిలితే నురుగు నిలవదని ఆయనకు తెలియదా అని చాలాసార్లు ఆలోచించాను. నీళ్ళు నాకి ఉప్పు చెప్పే మనిషి. తెలుసుకోవాలనుకుంటే తెలిసేది. వద్దన్నది నేను కాబట్టి, ఎందుకు వద్దన్నదో అడగాల్సిన పని ఉందని ఆయనకు తోచలేదు. అద్దానికి అంటించిన కాగితాన్ని చూసి, "మీ ఇంటామె పాఠం రాసిపెట్టిందే" అని కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడట. మా ఆయనే చెప్పాడు, నవ్వుతూ.

ఆదివారం రొయ్యల సారు వచ్చాడు. ఆ రోజు మా ఆయన వైపు చూడకుండా, కాగితంలో చుట్టిన ముక్కను సారు ముందు స్టూలు మీద నేనే పెట్టాను.

"వాసన చూడండి సార్."

చూశాడు. మళ్ళీ చూశాడు. రెండు వేళ్ళతో రుద్ది, ఆ వేళ్ళనే చూసుకున్నాడు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. ఇప్పుడు నాతో మాట్లాడక తప్పదనుకున్నాను. నాకు కావాల్సింది ఎక్కువేం కాదు. "అమ్మా, నాదే తప్పు." మూడు మాటలు, నా మొహం చూసి.

ఆయన మా ఆయన వైపు తిరిగాడు.

"ఎండ ముదురుతాండాదబ్బయ్యా. పోయొస్తా."

మళ్ళీ మా గడప తొక్కలేదు.

నేను ట్యాంకు మళ్ళీ పెట్టాను. పంతానికే పెట్టాను. అదే గొట్టం, బిక్కి కొయ్య, నూనె లేనిది. మూడేళ్ళుగా నడుస్తోంది. బజార్లో ఆయన ఎదురైతే తల తిప్పుకునేవాడు. ఒకసారి కలిగిరి బస్సులో ఒకే సీటు ఖాళీగా ఉంటే, అది నా పక్కది కాబట్టి, ఆయన దిగేదాకా నిలబడే వచ్చాడు. మొండితనం అనుకున్నాను. తప్పు చేసి, మొహం చాటేసి, పైగా నా మీదే కోపమా అనుకున్నాను. మూడేళ్ళు అట్లాగే అనుకున్నాను.

కబురొచ్చిన రోజు మధ్యాహ్నం మట్టికి పోయాం. మా ఆయన పోదామన్నాడని కాదు. నేనే పోవాలనుకున్నాను. ఆ నూనె ముక్కను నేను దాచిపెట్టుకున్నాను, ఆ రోజు చేతిసంచిలో వేసుకున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పారు. "సముద్రాన్ని ఆత్మకూరుకు తెచ్చిన మనిషి" అన్నారు. కండక్టర్లతో మాటలు పడి క్యాన్లు మోసిన చేతులు చేతిసంచిని పట్టుకుని నిలబడ్డాయి. అందరితోపాటు పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

దారిలో మా ఆయన స్కూటరు నెమ్మదిగా పోనిస్తూ అన్నాడు. "పాపం, మంచోడు. ఆ నూనె సంగతి కూడా అప్పుడే ఒప్పుకున్నాడు."

"ఎవరితో?"

"నాతోనే. నువ్వు ముక్క చూపించినావే, ఆ మర్నాడే ఆఫీసుకొచ్చినాడు. మీ ఇంటామెకు చెప్పు అబ్బయ్యా, తప్పు నాదేనని, నేను రాయమనబట్టే రాసినారని. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"నాకు చెప్పలేదే?"

"మర్చిపోయినాలే. తర్వాత గుర్తొచ్చినాది గానీ, ఎటూ నువ్వు కోపంగా ఉండావు, మళ్ళీ ఎందుకు కెలకడమని."

స్కూటరు గతుకులో పడి లేచింది. నేను వెనక సీటు కమ్మీ పట్టుకున్నాను.

"ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదా?"

"ఎందుకడగడు? కనబడితే చాలు, చెప్పినావా అనేవాడు. చెప్పినా సార్ అన్నా." గేరు మార్చి, అదేదో చిన్న సంగతిలాగా, "ఏమన్నాది అని అడిగినాడు. ఏమీ అనలేదు సార్, అన్నా."

బస్సులో ఖాళీ సీటు పక్కన ఆ మనిషి కమ్మీ పట్టుకుని నిలబడటం నాకు మళ్ళీ కనబడింది. మూడేళ్ళు ఆయన లెక్కలో నేను, తప్పొప్పుకున్న పెద్దమనిషికి ఒక్క మాట తిరిగి పంపని దాన్ని. మొండిది నేను.

ఇప్పుడు అందరూ అనే మాటే మా అమ్మా అంది, పోయినవాళ్ళ మీద కోపమెందుకు, క్షమించెయ్యి అని. ఆయన క్షమాపణ అడిగింది నన్ను కాదు. అడగాల్సిన మనిషి రెండు వీధుల అవతల ఉంటే, ఇరిగేషన్ ఆఫీసుకు పోయి అడిగి వచ్చాడు. అడిగించుకున్న ఆయన, ఏ ఇబ్బందీ లేకుండా, అప్పుడే క్షమించేశాడు. ఇంక నా దగ్గర ఇవ్వడానికేముంది? ముక్క ఇంకా నా బీరువాలోనే ఉంది. నూనె ముక్కిపోయి, చీరలకు వాసన పడుతోంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున గిన్నె విప్పాను. చిక్కగా, నల్లగా, అంచుదాకా నిండి ఉంది. చర్చి గంట కొట్టిన కాసేపటికి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో, మధ్యలో ఎవరూ లేకుండా, "డికాషనే సార్" అన్నాను.

బతికుంటే ఆ మాట వినడానికి కూడా ఆయన మా ఆయన వైపే తిరిగేవాడు.